పెద్దాయన గది

విశ్వవిద్యాలయానికి పెద్దాయన మీద ప్రేమ ఉన్నట్టుండి పొంగుకొచ్చింది.

అప్పటిదాకా పెద్దాయన అంటే మెయిన్ గేటు పక్కన నిలబడ్డ కంచు విగ్రహం. దేశానికి తొలి అధ్యక్షుడు, ఈ విశ్వవిద్యాలయానికి పునాదిరాయి వేసిన మహానుభావుడు అన్నంతవరకు అందరికీ తెలుసు. ఏటా పుట్టినరోజుకు ముందు నిచ్చెన వేసి ఆయన నెత్తిమీది పావురాల రెట్టలు కడిగేవారు. మర్నాటినుంచి పావురాలు మళ్లీ తమ పనిలో పడేవి. ఈ ఏడు అలా కుదరదు. శతజయంతి కదా. వ్యాసరచన పోటీ, వక్తృత్వ పోటీ, పెద్దాయన పేరు మీద పరుగు, పరుగెత్తలేని ప్రొఫెసర్ల కోసం పెద్దాయన పేరు మీదే నడక, అన్నిటికీ మించి పెద్దాయన వేషం పోటీ. ఆ వేషాల పుణ్యమా అని ఊళ్లో తెల్లగడ్డం అన్నది దొరక్కుండా పోయింది. జిగురు ఆరని సగం గడ్డాలతో కుర్రాళ్లు క్యాంటీన్లో టీ తాగుతుంటే, చూసేవాళ్లకు దేశభక్తి కన్నా దురద ఎక్కువ కలిగింది.

ఈ కబుర్లన్నీ అరడిగ్రీకి భోజనాల బల్ల దగ్గరే తెలిసేవి. ఆమె భర్త విశ్వవిద్యాలయం ఎస్టేటు ఆఫీసులో తాళాల గుమాస్తా. అక్కడి ప్రతి గది తాళంచెవీ ఆయన బీరువాలో కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. ఏ గది ఎవరికివ్వాలో పైవాళ్లు చెబుతారు. తెరిచేదీ మూసేదీ మాత్రం ఆయన.

అరడిగ్రీ ఆమె అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఎవరో చుట్టాలావిడ "ఎంతదాకా చదివావమ్మా?" అని అడిగితే, "డిగ్రీ... సగం" అంది. అంతే. అత్తగారు ఆ మాటను నోట్లో వేసుకుని చూసి, రుచిగానే ఉందనుకుని, ఇంక వదల్లేదు. "అరడిగ్రీ, స్టవ్వు కట్టేశావా?" "అరడిగ్రీ, నా కళ్లజోడు ఎక్కడే?" అందులో వెక్కిరింత ఎంతో, ముద్దు ఎంతో, ఇన్నేళ్లుగా ఎవరూ విడదీసి చూడలేదు.

కూతురు తన జడ తను వేసుకునే వయసుకొచ్చాక, అరడిగ్రీ ఆ మిగిలిన సగం సంగతి చూద్దామనుకుంది. విశ్వవిద్యాలయం పాత బ్లాకులో చివరి గదిలో సాయంకాలపు తరగతి ఒకటి నడుస్తుండేది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ల కోసం పెద్దాయనే స్వయంగా పెట్టిన తరగతి అది. ఆమె అందులో చేరి, ఇంట్లో వంట ముగించుకుని పరుగున వెళ్లి, ఒక్కో పేపరూ గట్టెక్కిస్తూ వచ్చింది. ఇక ఆఖరి ఏడాది పరీక్షలే మిగిలాయి. కాకపోతే ఈ ఏడుతో పాత పద్ధతి పరీక్షలు రద్దు. ఇప్పుడు తప్పిపోతే అంతకుముందు పాసైనవన్నీ గంగలో కలిసినట్టే. పరీక్షకు కూర్చోవాలంటే తరగతి హాజరు ఉండి తీరాలి.

ఆ చదువుకు అత్తగారు ఇచ్చిన విరాళం ఒక చెక్క స్కేలు. అర్థశాస్త్రంలో గీతలు గీయాల్సినవి చాలా ఉంటాయని కోడలు అంటే, పెట్టె అడుగునుంచి తీసి చేతిలో పెట్టింది. వడ్రంగం చేసిన మామగారు తన చేత్తో చెక్కి, అంగుళాలు కోసిన స్కేలు. ఒక చివర చిన్నచిన్న గుంటలున్నాయి.

"ఇవేంటి అత్తయ్యా, చెదలా?"

"చెదలు కాదు, నీ మొగుడు. పళ్లొచ్చేటప్పుడు ఇంట్లో వాడు కొరకని వస్తువు లేదు. ఇప్పుడు చూడు, ఎవడేమన్నా నోరు తెరవడు."

పక్కనే పేపరు చదువుకుంటున్న ఆ కొడుకు నిజంగానే నోరు తెరవలేదు. స్కేలు సంచిలో పట్టకపోవడంతో అరడిగ్రీ దాన్ని తరగతిలో తన డెస్కు అరలోనే ఉంచేసేది.

ఒక రోజు భోజనాల దగ్గర ఆయన నెమ్మదిగా అన్నాడు. "మీ గది పోతోందోయ్."

"పోవడమేంటండీ, గదికి కాళ్లొచ్చాయా?"

"ఉత్సవాల కుర్చీలు, బ్యానర్లు పెట్టుకోవడానికి స్టోరు కావాలిట. పాత బ్లాకు చివరి గది ఇమ్మని కాగితం వచ్చింది."

"మరి మా తరగతి?"

"కాగితంలో మీ తరగతి సంగతి లేదు."

"అంటే మేం లేమనా?"

"అలా అని కాదు. కాగితంలో లేదంటున్నా."

ఆయనకు ఈ రెండింటికీ మధ్య చాలా తేడా కనిపిస్తుంది. అందుకే ఆ ఉద్యోగంలో అంతకాలం ఉండగలిగాడు.

మర్నాడు సాయంత్రం తరగతిలో పాఠం సాగలేదు. మేడమ్ సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడింది కానీ ఏమీ రాయలేదు. ఆవిడ పగలు వేరే కాలేజీలో చెప్పి, సాయంత్రాలు ఇక్కడికొచ్చేది. గొంతు ఎప్పుడూ బొంగురే. ముందు బెంచీలో కండక్టరమ్మ, డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, టికెట్ల సంచి ఇంకా భుజాన్నే ఉంది.

"నా బస్సులో కూర్చుందాం మేడమ్," అంది కండక్టరమ్మ. "మీరు పాఠం చెప్పండి, నేను విజిలేస్తా. ఒక్కటే షరతు, అందరూ టికెట్టు తీసుకోవాలి. మీతో సహా."

నవ్వారు. అరడిగ్రీ చూపు బోర్డు పైన వేలాడుతున్న ఫోటో మీద పడింది. రోజూ కనబడే ఫోటోయే. చొక్కా చేతులు పైకి మడిచి, ఇదే బోర్డు ముందు సుద్దముక్కతో పెద్దాయన. ఎదురుగా ఇవే బెంచీల మీద ముతకబట్టల్లో ఆడవాళ్లు, ఒకావిడ ఒళ్లో నిద్రపోతున్న పసిపాప. అధ్యక్షుడై ఉండి, తొలి పాఠం ఆయనే వచ్చి చెప్పాడని కింద రాసి ఉంది.

"మేడమ్," అంది అరడిగ్రీ. "వాళ్లు ఊరంతా పెద్దాయన కోసం వెతుకుతున్నారు. మన దగ్గరే ఉన్నాడుగా. ఈ సంగతి చెబితే గది తీసుకునే దమ్ము ఎవరికుంటుంది?"

మేడమ్ కళ్లజోడు సవరించుకుని ఆమెను ఎగాదిగా చూసింది. "చెప్పేదెవరు?"

"మీరు."

"నా గొంతు వెనక బెంచీ దాకానే చేరదు. నువ్వే చెప్పు."

ఆ వారమే పెద్ద హాల్లో పెద్దాయన జ్ఞాపకాల సభ పెట్టారు. ఎవరికి ఏం తెలిసినా వేదికెక్కి చెప్పవచ్చన్నారు. పెద్దాయనతో కరచాలనం చేసిన ఒక ముసలాయన ఆ చెయ్యిని అందరికీ చూపించి దిగాడు. ఆ తర్వాత అరడిగ్రీ లేచింది. మైకు పట్టుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ముందు వరసలో కండక్టరమ్మ బస్సు కదలమన్నట్టు రెండు వేళ్లతో సైగ చేసింది.

"పెద్దాయన గేటు దగ్గర లేడండీ," అని మొదలెట్టింది. "అక్కడున్నది కంచు. ఆయన మా గదిలో ఉన్నాడు. సాయంత్రమయ్యేసరికి ఒకావిడ బస్సు దిగి వస్తుంది, ఒకావిడ ఆస్పత్రిలో పక్కలు మార్చి వస్తుంది, నేను అంట్లు తోమి వస్తాను. మేం బెంచీ మీద కూర్చుని పుస్తకం తెరిచామా, అదే ఆయన పుట్టినరోజు. మీరు ఏడాదికోసారి చేస్తున్నారు. మేం రోజూ చేస్తున్నాం. ఆ గది పోనివ్వకండి."

ఆ వెంటనే చప్పట్లు, ఆగకుండా. వైస్ ఛాన్సలరు గారు జేబురుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ కళ్లద్దాలు తుడుచుకున్నారు. మైకు అందుకుని, "ఆ గదిలో కుర్చీలు పడేయాలనుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. ఇక ఆ గది మీద ఈగను కూడా వాలనివ్వను" అని అందరి ముందూ మాటిచ్చారు.

ఇంటికొస్తూ కండక్టరమ్మ, "అక్కా, నువ్వు వంటింట్లో ఉండాల్సినదానివి కాదే," అంది. అరడిగ్రీ లోపల ఆ మాటను మళ్లీ మళ్లీ మోగించుకుంది. ఇంటి దగ్గర అత్తగారు గుమ్మంలోనే అందుకుంది.

"మైకులో మాట్లాడావటగా. నా కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. కూరలో ఉప్పు మర్చిపోయేంత గొప్పదానివైపోయావన్నమాట." అని, ఆ ఉప్పు లేని కూరే మారు వడ్డించుకుని తింది.

వైస్ ఛాన్సలరు గారు మాట తప్పలేదు. అరడిగ్రీ కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

మరుసటి వారం తరగతికి వెళ్లేసరికి తలుపు చౌకట్టు చుట్టూ పరంజా కట్టి ఉంది. బెంచీలన్నీ వరండాలో బోర్లా పడున్నాయి. ఇద్దరు కూలీలు వాటికి వార్నిష్ కొడుతున్నారు. మేడమ్ అప్పటికే గోడకు చేరగిలబడి నిలబడి ఉంది.

"స్మారక గదిట," అంది. "నువ్వు చెప్పింది వాళ్లకు బాగా ఎక్కింది. వారసత్వ గదిలో జనం కూర్చుంటే అరుగుతుందిట. అందుకని తాడు కడతారు."

"మరి మనం?"

"తాత్కాలికంగా జనరేటరు షెడ్డు."

జనరేటరు షెడ్డులో మేడమ్ బొంగురు గొంతు ఎవరి చెవినా పడలేదు. ఉత్సవాలకు దీపాలంకరణ కాబట్టి జనరేటరు సాయంత్రమయ్యేసరికి ఖచ్చితంగా మొదలయ్యేది. గిరాకీ పెరిగితే ఏమవుతుందో మేడమ్ అరిచి చెబుతుంటే, ధర సంగతేమో గానీ అందరికీ తలనొప్పి పెరిగింది. తర్వాత క్యాంటీన్ వెనక్కి మార్చారు. అక్కడ గడ్డాలవాళ్ల రిహార్సళ్లు. ఆపైన ఒక రోజు ఇంకో కాగితం వచ్చింది. ఉత్సవాలు ముగిసేదాకా తరగతి నిలిపివేత. ఆస్పత్రి ఆవిడ ఆ రోజునుంచే రావడం మానేసింది. ఒకరి తర్వాత ఒకరు జారిపోయారు. ఉత్సవాలు ముగిసే రోజుకూ పరీక్ష మొదలయ్యే రోజుకూ మధ్య, హాజరు నింపుకోవడానికి చాలినన్ని సాయంత్రాలు లేవు.

ఆ రాత్రి అన్నం తినకుండానే ఆమె మొగుడి ముందు కూర్చుంది.

"తాళంచెవి మీ దగ్గరే కదండీ. వార్నిష్ ఆరిపోయింది. సాయంత్రాలు ఎటూ ఎవరూ ఉండరు. ఒక్క గంట తెరవండి. మేడమ్ పాఠం చెప్పి హాజరు వేస్తుంది."

ఆయన ముద్ద కలపడం ఆపాడు. "నేను తాళం వేసేవాణ్ణోయ్. గది ఇచ్చేవాణ్ణి కాదు."

"ఇమ్మనడం లేదు. తెరవమంటున్నా."

"కెమెరా పెట్టారు. ఎవరైనా చూస్తే నా ఉద్యోగం..."

"నా డిగ్రీ?"

ఆయన కంచంలో మెతుకులు ఒక పక్కకు నెట్టాడు. చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టి పడుకునేది.

"నా స్కేలైనా తెచ్చిపెట్టండి," అంది చివరికి. "డెస్కులో ఉండిపోయింది."

"చూస్తాలే," అన్నాడు.

పుట్టినరోజు నాడు తరగతి ఆడవాళ్లను రమ్మని పిలుపు వచ్చింది. మేడమ్ ఫోన్లో విషయం చెప్పింది. ప్రారంభోత్సవం వేళ ఆ పాత ఫోటోలో ఉన్నట్టే ఆడవాళ్లు బెంచీల మీద కూర్చోవాలి, బట్టలు వాళ్లే ఇస్తారు, మేడమ్ బోర్డు దగ్గర నిలబడాలి.

"బొమ్మల కొలువా?" అంది కండక్టరమ్మ. "నేను రాను. నా డ్యూటీ మానుకుని బొమ్మలా కూర్చోవాలా?" అని, మళ్లీ వచ్చింది. "నువ్వు ఒక్కదానివే పోతావనిపించిందక్కా," అంది, ముతకబట్ట మెడ దగ్గర గీరుకుంటూ.

అరడిగ్రీ మాత్రం ఆశతోనే వెళ్లింది. వైస్ ఛాన్సలరు గారు ఎదురుగా వస్తారు. ఆ రోజు ఆమె మాటకు కంటతడి పెట్టిన మనిషి. హాజరు సంగతి ఒక్క ముక్క అడిగితే కాదంటారా?

గదిలోకి అడుగుపెట్టగానే ముందు బోర్డు కనబడింది. నల్లగా నిగనిగలాడుతోంది. దాని మీద పెద్దాయన మాట, అందమైన గుండ్రటి అక్షరాల్లో: 'చదువు అందరిదీ.' మేడమ్ దగ్గరికెళ్లి చూపుడువేలితో ఒక అక్షరాన్ని రుద్దింది. పోలేదు. ఆయిల్ పెయింటు. ఇక ఆ బోర్డు మీద ఎవరూ ఏమీ రాయలేరు. చేతికి సుద్దముక్క ఇచ్చి, "రాస్తున్నట్టు పట్టుకోండి చాలు మేడమ్," అన్నాడు ఫోటోగ్రాఫరు.

రిబ్బను తెగింది. పెద్దలొచ్చారు. వెనకాల బహుమతులు గెలిచిన ముగ్గురు పెద్దాయనలొచ్చారు, ముగ్గురి గడ్డాలూ మూడు కొలతల్లో. బెంచీ మీద తన చోటులోనే అరడిగ్రీ కూర్చుని ఉంది. ముందు తెరిచిన పుస్తకంలో పేజీలు తెల్లవి. చూపు కదపవద్దన్నారు. అయినా ఆమె చెయ్యి తనంతట తాను డెస్కు అరలోకి వెళ్లి తడిమింది. ఖాళీ.

వైస్ ఛాన్సలరు గారు దగ్గరికి రాగానే లేచి నిలబడింది. "సార్, మా తరగతి ఆగిపోయింది. హాజరు లేదని పరీక్షకు కూర్చోనివ్వరట. ఇదే ఆఖరి అవకాశం సార్. మీరొక్కమాట..."

ఆయన మొహం వెలిగిపోయింది. "మీరే కదమ్మా ఆ రోజు మాట్లాడింది! ఈ గది మీ చలవే!" పక్కనున్న అతిథుల వైపు తిరిగి, "ఈ ఆలోచన ఈమెదేనండీ, ఒక సామాన్య గృహిణిది!" అని పరిచయం చేశారు. చప్పట్లు. చేతిలో పెద్దాయన ప్లాస్టర్ బొమ్మ పెట్టారు. ఫోటో తీశారు. "హాజరు విషయం రిజిస్ట్రారు గారు చూస్తారు," అన్నారు.

రిజిస్ట్రారు గారు చూశారు. "తరగతి జరిగితే కదమ్మా హాజరు? జరగని తరగతికి నేనెలా వేసేది?" అన్నారు. అది నిజమే. ఆమె వాదించడానికి ఆ మాటలో ఎక్కడా సందు లేదు.

పరీక్ష మొదలైన రోజు ఉదయం అత్తగారు చీర మార్చుకుని హాల్లో కూర్చుంది. "పద. నువ్వు కూర్చున్న గది నాకూ చూపించు. అందరూ చూసొస్తున్నారు, నేనొక్కదాన్నే మిగిలాను." ఇంట్లో కూర్చుని కోడలు గడియారం వైపు చూడకుండా ఉండాలని ఆవిడ ఎత్తు. అరడిగ్రీకి అర్థమైంది. బయల్దేరింది.

స్మారక గది ముందు తాళాల గుమాస్తా తనే నిలబడి ఉన్నాడు. జనం ఎక్కువని ఆయన్ను కాపలాకూ వేశారు. భార్యనూ తల్లినీ చూసి ఏదో అనబోయి, పక్కకు తప్పుకున్నాడు. లోపల ఒక గైడు పిల్ల గుక్కతిప్పుకోకుండా చెబుతోంది: "ఒకప్పుడు ఈ గదిలో పేద స్త్రీలు చదువుకునేవారు..."

"ఏది నీ బెంచీ?" అంది అత్తగారు.

అరడిగ్రీ తాడు అవతలికి చూపించింది. అత్తగారు అటు చూసి, ఆ పక్కనున్న అద్దాల పెట్టె వైపు చూసి, కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

పెట్టెలో ఎర్రటి మెత్త మీద చెక్క స్కేలు. దాని కింద అచ్చు అక్షరాల్లో: 'పెద్దాయన స్వయంగా వాడిన స్కేలు. ఆలోచనలో మునిగినప్పుడు ఆయన కొరికిన పంటిగాట్లు గమనించగలరు.'

"ఒరే!" అంది అత్తగారు, గది అదిరేలా. "ఇది మీ నాన్నది కాదూ! ఆ పళ్లు నీవి కావట్రా!"

జనం తిరిగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. గైడు పిల్ల, "పెట్టె మీద చెయ్యి వెయ్యకండి మామ్మగారూ," అంది. తాళాల గుమాస్తా మొహం పాలిపోయింది. తల్లి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి, గొంతు తగ్గించి అన్నాడు.

"నాకు తెలుసమ్మా. డెస్కు తీస్తుంటే దొరికింది. కమిటీవాళ్ల చేతిలో పడింది. చెబుదామనే అనుకున్నా. అప్పటికే లేబులు అచ్చయిపోయింది."

అరడిగ్రీ ఏడుస్తుందనుకున్నాడేమో, ఆమె వైపు భయంగా చూశాడు. ఆమె ఏడవలేదు. ఆ పంటిగాట్ల వైపే చూస్తోంది. అంత చిన్న నోరు, ఎంత గట్టిగా కొరికిందో.

ఇంటికొచ్చాక అత్తగారు అలమార మీది ప్లాస్టర్ పెద్దాయనను గోడవైపు తిప్పి పెట్టింది, అంతే.

మర్నాడు పొద్దున అరడిగ్రీ వంటింట్లో కిటికీ దగ్గర నిలబడి ఉంది. పరీక్ష రెండో రోజు. స్టవ్వు మీద పాలు.

"అమ్మాయ్," అని హాల్లోంచి అత్తగారి గొంతు మెల్లగా వినిపించింది. "అమ్మాయ్, పాలు చూడు."

ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఎప్పుడూ అలా పిలవలేదు. ఎవరినో పిలుస్తున్నారనుకుని కదల్లేదు. పాలు పొంగి, స్టవ్వంతా తడిసి, మంట ఆరిపోయింది.